ఏమీ తగల్లేదు

సెప్టెంబర్ 2, సోమవారం

బావ కారు పని అయిపోయింది. ఇంజను దింపి, ఆయిల్ కారకుండా ఆపే ముందు సీలు, వెనక సీలు, కింద ఆయిల్ తొట్టి ప్యాకింగు, పైన మూత ప్యాకింగు, అన్నీ కొత్తవి వేసి మళ్ళీ ఎక్కించాను. సాయంత్రం తాళం తిప్పగానే అందుకుంది. వాళ్ళ నాన్న, అంటే మా మామగారు, టాక్సీగా తిప్పిన బండి ఇది. నేను పానా పట్టడం నేర్చుకుంది దీని కిందే, పిల్లనిస్తానని ఆయన మాటిచ్చిందీ దీని కిందే. చెరో పక్క నుంచి దూరి పడుకుని ఉన్నాం. మొహాలు కనబడకపోవడం ఇద్దరికీ సులువైంది.

ఆయన పద్ధతి వేరు, నా పద్ధతి వేరు. ఆయన ఇంజను షాఫ్టు చివర టేపు చుట్టి, దాని మీదుగా సీలు జారవిడిచేవాడు. రబ్బరు అంచు ఎక్కడా గీసుకోకుండా ఉంటుందట. నేను నవ్వేవాణ్ణి. షాఫ్టు మీద వేలు ఒక చుట్టు తిప్పుతాను, సీలు లోపలి అంచు మీద ఒక చుట్టు తిప్పుతాను. ఏమీ తగలకపోతే బాగున్నట్టే. వేలుండగా టేపెందుకు?

బండి కింద కొత్త అట్ట పరిచాను, ఎక్కడ ఆయిల్ కారినా మరక పడేలా. పొద్దున చూడాలి.

సెప్టెంబర్ 3, మంగళవారం

అట్ట పొడిగా ఉంది. లైటు తెచ్చుకోవడానికి బద్ధకమేసి, కిందకి చెయ్యి చాపి తడిమి చూశాను. పొడిగా ఉంది. బావకి ఫోన్ చేసి తీసుకెళ్ళమన్నాను.

సెప్టెంబర్ 5, గురువారం

వీధంతా హారనక్క అని పిలిచే ఆవిడ తను నడిపే స్కూలు వ్యాను తెచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ కిందకి దిగిపోతోందట. నాలుగు చక్రాలూ ఊడదీసి బ్రేకు రబ్బర్లు మార్చాను. బ్రేకు ఆయిల్ కారకుండా ఆపేవి అవే. ఒక్కోదాన్నీ వేలితో చూసి లోపలికి తోసేశాను. భోజనానికి ముందే పనైపోయింది. ఈ వయసులో ఈ స్పీడు ఎవడికుంది?

ఆవిడ వీధి చివర దాకా వెళ్ళి, తిరిగొచ్చి, గేటు ముందు గట్టిగా బ్రేకేసి, అదే ఊపులో హారన్ కొట్టింది. "బ్రేకు కంటే హారనే బాగా పనిచేస్తోందక్కా" అన్నాను. "బ్రేకు నీ చేతుల్లో ఉంది, హారన్ నా చేతుల్లో ఉంది, ఎవరి పని వాళ్ళు చూసుకుందాం" అంది.

మా ఆవిడ టీ తెచ్చింది. కుట్టు మిషన్ మీద నుంచి లేచొచ్చినట్టుంది, భుజం మీద కొలతల టేపు అలాగే ఉంది. గ్లాసు తీసుకున్నాను. "అంత వేడి గ్లాసు ఎలా పట్టుకున్నారండీ? నేను కొంగుతో పట్టుకొచ్చాను" అంది. పనివాడి చేతులు అన్నాను. గర్వంగానే అన్నాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

బావ వచ్చాడు, కారుతో సహా. దిగుతూనే మొదలుపెట్టాడు.

"బావా, నీకిచ్చింది కారు. నువ్వు తిరిగిచ్చింది నూనె గానుగ."

"ఎక్కడ కారుతోంది?"

"ఎక్కడ కారట్లేదో అడుగు, తొందరగా చెప్తాను. మా ఆవిడ వాకిట్లో కొత్తగా టైల్స్ వేయించింది కదా, ఇప్పుడు కారు కింద గిన్నెలు పెడుతోంది. పొద్దున పాలు పొయ్యబోయిన గిన్నెలో ఆయిల్ ఉంది."

"కొత్త సీళ్ళు కూర్చోవడానికి కాస్త టైం పడుతుంది బావా."

"కూర్చోలేదా ఏంటి, ఇంకా నిలబడే ఉన్నాయా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నాకు నవ్వు రాలేదు. మామగారి బండి విషయంలో బావ దగ్గర మాట పడటం నాకు అస్సలు ఇష్టం లేదు. నేను ఇంటల్లుణ్ణే కాదు, ఆ ఇంటి మెకానిక్‌ని కూడా. కొడుకుని కాదని ఆయన తన పానాలు నాకిచ్చాడు.

బావ కారు వదిలేసి వెళ్ళాక మా ఆవిడ మెల్లిగా అంది: "మంగళవారం ఊడుస్తుంటే ఆ అట్ట మీద మరక కనబడిందండీ. మీరు చూసే ఉంటారనుకున్నా."

నేను చూసిన తర్వాత పడి ఉంటుంది.

సెప్టెంబర్ 9, సోమవారం

ఇంజనంతా కడిగి ఆరబెట్టి మా ఆవిడ పౌడరు డబ్బా తీసుకెళ్ళి చల్లాను. తెల్లగా చల్లి, ఇంజను కాసేపు నడిపితే, ఆయిల్ ఎక్కడ మొదలవుతోందో అక్కడ నల్లగా తడుస్తుంది. డబ్బా సగం అయిపోయింది. "నాకైతే చిటికెడు, దానికైతే డబ్బాడు" అని మా ఆవిడ దెప్పింది. పౌడరు పూసుకుని బండి కూడా ఎటో బయల్దేరుతున్నట్టే ఉంది.

పైన మూత దగ్గర పొడి. తొట్టి అంచు పొడి. ముందు బెల్టు తిరిగే పుల్లీ వెనక మాత్రం నల్ల గీత. ముందు సీలే. సీలు నాసిరకం. రబ్బరు చూస్తేనే తెలుస్తోంది.

సెప్టెంబర్ 11, బుధవారం

పుల్లీ లాగి, ముందు సీలు తీసి, ఇంకో కొత్తది వేశాను. షాఫ్టు మీద వేలు తిప్పి చూశాను. ఏమీ తగల్లేదు. సీలు అంచు చూశాను. ఏమీ తగల్లేదు. ఇంత జాగ్రత్తగా పెళ్ళిచూపుల్లో కూడా చూసుండను.

వాషరు మూడుసార్లు చేతిలోంచి జారింది. చేతికి ఆయిల్.

సెప్టెంబర్ 12, గురువారం

కారుతోంది. పుల్లీ లాగి ఆ సీలు కూడా పీకేశాను. సీళ్ళ షాపువాడు మోసగాడు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఊడదీసిన సీళ్ళు రెండూ తీసుకెళ్ళి వాడి కౌంటరు మీద పడేశాను. ఈ డైరీ కూడా వాడిచ్చిందే, పైన వాడి షాపు పేరు. చింపేద్దామనిపించింది.

వాడు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి, ఒక్కో సీలునీ ట్యూబులైటు కిందకి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూశాడు.

"గురువుగారూ, లోపలి అంచు తెగింది. రెండింటికీ ఒకేలా."

"తెగిన సరుకు అమ్మావన్నమాట."

"ప్యాకెట్లోంచి తెగి వచ్చుంటే రెండూ ఒకేలా ఎందుకు తెగుతాయి? వేసేటప్పుడు గీసుకుంది. షాఫ్టు చూసుకున్నారా?"

నేను పని మొదలుపెట్టేనాటికి వీడు లాగూలు వేసుకుని తిరిగేవాడు. నాకు షాఫ్టు చూడటం నేర్పుతున్నాడు. ఇంకో సీలు విసురుగా లాక్కుని వచ్చేశాను. చూసుకున్నాను. రెండుసార్లు చూసుకున్నాను.

సెప్టెంబర్ 14, శనివారం

పని చెయ్యలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కొత్త చొక్కా, కాజాలు బిగుతు. మా ఆవిడే కుట్టింది కాబట్టి ఏమీ అనలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాయాలి.

మళ్ళీ ఇంజను ముందు కూర్చున్నాను. కొత్త సీలు పక్కన పెట్టుకుని, షాఫ్టు తుడిచి, వేలు తిప్పుతున్నాను. మా ఆవిడ భోజనానికి పిలవడానికి వచ్చింది. బిగుసుకుపోయిన నా మొహం చూసి, పక్కనే పీట లాక్కుని కూర్చుంది.

"అసలు ఏం చూస్తున్నారండీ?"

"ఈ షాఫ్టు చుట్టూ రబ్బరు అంచు తిరగాలి. షాఫ్టు మీద ఎక్కడైనా పదునుగా ఉంటే రబ్బరు తెగుతుంది. ఇదిగో, ఈ చివర చిన్న గాడి ఉంది కదా, పుల్లీ జారకుండా ఇందులో ఒక ముక్క కూర్చుంటుంది. సీలు ఈ గాడి మీదుగానే లోపలికెళ్ళాలి."

"అంటే దాని అంచులు నున్నగా ఉండాలా?"

"నున్నగానే ఉన్నాయి. చూశాను."

ఆవిడ చెయ్యి చాపింది. తెగిన పోగు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పే వేళ్ళు ఆవిడవి. గాడి దగ్గర వేలు పెట్టిందో లేదో, టక్కున వెనక్కి లాక్కుంది.

"అమ్మో, గీసుకుంటోంది. బ్లేడులా ఉందిక్కడ."

"ఎక్కడ?"

"ఇక్కడ. ఈ అంచున."

నేను వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు. గట్టిగా నొక్కి, అటూ ఇటూ రుద్దాను. ఏమీ తగల్లేదు. నీ భ్రమ అన్నాను. ఆవిడ నా మొహం చూడట్లేదు. నా చెయ్యి చూస్తోంది.

"ఏవండీ. మీ వేలు."

చూసుకున్నాను. వేలి కొన తెగి, ఎర్రగా కారుతోంది. నల్లటి ఆయిల్లో కలిసి మణికట్టు దాకా వచ్చింది. నొప్పి లేదు. మంట లేదు. ఎవరి వేలో తెగినట్టుంది.

ఆవిడ కొంగుతో నా వేలు గట్టిగా పట్టుకుంది. బట్టకి ఆయిల్ అంటుతుంది అన్నాను. నోరు ముయ్యండి అంది.

వెలుతురు పట్టుకుని చూస్తే గాడి అంచున ఇనుము వెంట్రుకంత పైకి లేచి ఉంది. మొదటిసారి పుల్లీ రాకపోతే నేనే సుత్తితో కొట్టాను. అప్పుడే లేచుంటుంది. అదే రెండు సీళ్ళనీ కోసింది. మామగారిలా టేపు చుట్టి ఉంటే ఒక్కటీ తెగేది కాదు.

వేళ్ళ మొద్దుతనం ఎప్పటినుంచి ఉందో నాకు తెలీదు. ముల్లు గుచ్చుకుంటే తెలుస్తుంది. స్పర్శ పోతే, పోయిందని చెప్పాల్సిందీ అదే కదా. నా పని మొత్తం ఒక్క మాట మీద నడిచింది, ఏమీ తగలకపోతే బాగున్నట్టే అని. ఇప్పుడు నాకు బాగున్నదీ తగలదు, చెడిందీ తగలదు. మరక మీద చెయ్యి పెట్టి పొడిగా ఉందని రాసుకున్నాను. ఆ పేజీ తిప్పి చూశాను. నా దస్తూరీయే.

సెప్టెంబర్ 15, సాయంత్రం

వ్యాను.

బ్రేకులు బాగానే పడుతున్నాయి. ఆవిడే తొక్కి చూసింది. పది రోజులై తిరుగుతోంది. ఏదైనా ఉంటే ఈపాటికి తెలిసేది. పాడైన సీలు ఇంజనుది, దీనికీ దానికీ సంబంధం లేదు. పైగా ఆ రబ్బర్లు మెత్తగా లోపలికెళ్ళాయి.

మెత్తగా వెళ్ళాయని నాకెలా తెలుసు?

ఇప్పుడెళ్ళి చెప్తే రేపటికల్లా వీధంతా తెలుస్తుంది. మెకానిక్ చేతులు పోయాయంటారు. హారనక్క నోట్లో పడ్డ మాటకి వేరే హారన్ అక్కర్లేదు. షెడ్డు మూసుకోవాల్సిందే. ఇంకో పని నాకు రాదు. రేపు ఏదో వంకతో వ్యాను తెప్పించి, చెకింగ్ అని చెప్పి, ఊరికే చూసి పంపించెయ్యచ్చు. రేపు కాకపోతే ఎల్లుండి.

మా ఆవిడకి చెప్పాను. చెప్తే ఊరుకోమంటుందనుకున్నాను. ఆవిడ మిషన్ ఆపి, "పొద్దున్నే నేనూ వస్తాను" అంది.

సెప్టెంబర్ 16, సోమవారం

మొదటి పిల్లాడు ఎక్కకముందే వెళ్ళాం. హారనక్క అద్దం తుడుస్తోంది.

"వ్యాను తియ్యొద్దక్కా. బ్రేకులు మళ్ళీ చూడాలి."

"బాగానే పడుతున్నాయిగా?"

"నా వేళ్ళకి స్పర్శ లేదు. నిన్ననే తెలిసింది. ఆ రబ్బర్లు నేను వేలితో చూసే వేశాను."

చేతిలో గుడ్డ బానెట్ మీద పడేసింది. "ఎప్పట్నుంచి లేదు?"

"తెలీదు."

"తెలీకుండా ఎలా పోతుందయ్యా! వారం పైన పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను నేను. నువ్వు చేశావు కదా అని ఇంకో ఆలోచన లేకుండా తిరిగాను."

ఇంకా తిడితే బాగుండనిపించింది. తిట్టలేదు. ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసింది. బండి చెడింది, ఇవాళ మీరే దింపుకోండి అని. నా పేరు చెప్పలేదు. నేను వింటూనే ఉన్నాను, ఒక్కరికీ చెప్పలేదు.

షెడ్డులో నేను చక్రాలు విప్పాను. మా ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూర్చుంది. ముందు కుడిది చూసి, నున్నగా ఉందండీ అంది. ముందు ఎడమది నున్నగా ఉంది. వెనక కుడిది నున్నగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక చాలు, వదిలెయ్ అన్నాను. నిజంగానే అన్నాను ఆ మాట.

ఆవిడ వినలేదు. వెనక ఎడమది తీసుకుని, వేలు తిప్పుతూ ఒక చోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది.

"ఇక్కడ గోరు పట్టుకుంటోంది."

కళ్ళజోడు పెట్టుకుని వెలుతుర్లో చూశాను. అంచు మీద చిన్న చీలిక. ఆ రబ్బరు కూర్చునే ఇనప గూడంతా అప్పటికే బ్రేకు ఆయిల్‌తో తడిసి ఉంది. ఆ బ్రేకు ఇంకెన్నాళ్ళు ఆగేదో నాకు తెలీదు. హారనక్క కూడా వచ్చి చూసింది. ఆ చక్రం పైన సీట్లో ఎవరు కూర్చుంటారో ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. అడగలేదు.

నాలుగు చక్రాలకీ మళ్ళీ కొత్త రబ్బర్లు వేశాం. పానా నేను పట్టాను, రబ్బరు ఆవిడ పట్టింది. ఒక్కోటీ ఆవిడ అవునన్నాకే లోపలికెళ్ళింది. హారనక్క అదే వీధిలో నాలుగైదుసార్లు తిరిగి, గట్టిగా తొక్కి చూసుకుంది. వెళ్ళేటప్పుడు తలాడించింది. హారన్ కొట్టకుండా ఆవిడ ఈ వీధి దాటడం నేనింతవరకూ చూడలేదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

డాక్టరు కళ్ళు మూసుకోమని, సూదితో గుచ్చుతూ, ఎక్కడ అని అడిగాడు. చాలాసేపు గుచ్చట్లేదనుకుని ఊరుకున్నాను. గుచ్చుతూనే ఉన్నాడట.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నాడు. ఇన్నేళ్ళ సుత్తి, పానాల పని. చిన్న ఆపరేషన్ చేస్తే కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఎంత ముందు వచ్చుంటే అంత బాగుండేదన్నాడు. తెలిస్తే కదా రావడానికి అన్నాను. "ఆ వేడి గ్లాసు నాడే తెలియాల్సింది" అంది మా ఆవిడ, ఆయనతో కాదు, నాతో.

సెప్టెంబర్ 19, గురువారం

నిచ్చెన వేసుకుని బోర్డు మీద 'బ్రేకులు' అన్న మాట మీద రంగేశాను. 'ఇంజను పనులు' పక్కన నల్లటి పట్టీ మిగిలింది. రోడ్డు మీద పోయేవాళ్ళు చూసుకుంటూ పోతున్నారు. చూడనీ.

సెప్టెంబర్ 20, శుక్రవారం

బావ వచ్చాడు. వాడికి ముందే తెలిసినట్టుంది, కారు ఊసెత్తలేదు. నా చెయ్యి తీసుకుని, తిప్పి చూసి, గట్టిగా గిల్లాడు.

"తెలిసిందా?"

"ఊహూ."

"అయ్యో. తెలిసుంటే ఇన్నేళ్ళుగా గిల్లేవాణ్ణే కాదు, తన్నేవాణ్ణి." నా చెయ్యి మెల్లిగా వదిలేశాడు. ఇటు తిరిగి చెల్లెలితో అన్నాడు: "ఇంకేంటే, ఇంట్లో నువ్వు అరుస్తావు, ఈయన పని చేస్తాడు. షెడ్డులో ఈయన అరుస్తాడు, నువ్వు పని చెయ్యి. లెక్క సరిపోయింది."

కారు వేరే ఎవరి దగ్గరికైనా తీసుకెళ్ళు బావా అన్నాను. పీట లాక్కుని కూర్చున్నాడు. "నాన్న పానాలు నీకెందుకిచ్చాడో ఎప్పుడైనా అడిగావా? నేనడిగాను. వాడు తప్పు చేస్తే వాడే వచ్చి చెప్తాడు, నువ్వైతే బండి తోసుకుని పారిపోతావు అన్నాడు. చాలా కోపమొచ్చింది అప్పుడు. ఆదివారం వచ్చి బండి తీసుకెళ్తాను. గిన్నెలన్నీ ఖాళీగా ఉన్నాయని మా ఆవిడ బెంగపెట్టుకుంది."

సెప్టెంబర్ 21, శనివారం

గాడి అంచుని సన్నటి ఆకురాయితో అరగదీశాను. మా ఆవిడ ఆపమన్నప్పుడు ఆపాను. ఆవిడ వేలు పెట్టి, ఇంకొంచెం అంది. ఇంకొంచెం తీశాను. గరుకు కాగితంతో రుద్దాను. అప్పుడు సరేనంది. నా చెయ్యి పట్టుకుని దాన్ని కూడా ఆ అంచు మీద తిప్పింది, అలవాటు పోకూడదన్నట్టు. వేలి కొనలకి ఏమీ తెలీలేదు. ఆవిడ అరచెయ్యి వెచ్చగా ఉన్న సంగతి మాత్రం నా అరచేతికి తెలిసింది. చాలాసేపు అలాగే ఉంచాను.

తర్వాత షాఫ్టు చివర టేపు చుట్టాను. మామగారు చుట్టినట్టే, గాడి కప్పడిపోయేలా. దాని మీదుగా ఆవిడ సీలు జారవిడిచి, అంచు చుట్టూ చూసి, మడత పడలేదంది. నేను టేపు లాగేసి, సీలుని సమంగా కొట్టి కూర్చోబెట్టాను. ఇంజను నడిపి, వేడెక్కనిచ్చి, ఆపి, కొత్త అట్ట పరిచాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

బావ ఇంకా రాలేదు.

పొద్దున ఆవిడ కంటే ముందే షెడ్డుకెళ్ళాను. కారు కింద అట్ట చివర కనబడుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని అలవాటుగా చెయ్యి చాపాను. అట్ట దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకున్నాను. లైటు తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు. ఆవిడ వచ్చేదాకా పీట మీద కూర్చున్నాను. నాలుగు బండ్లు గేటు ముందునుంచి పోయాయి. ఒకటి స్కూలు వ్యానులా ఉంది కానీ ఆదివారం కదా.

ఆవిడ వచ్చింది. ఏమీ అడగకుండా కొంగు దోపుకుని, వెల్లకిలా పడుకుని, కారు కిందకి జరిగింది. నాకు కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నేను కూడా ఇటు పక్క నుంచి దూరి పడుకున్నాను. చీకటిగా ఉంది, మొహం కనబడట్లేదు. అట్ట మీద ఆవిడ చెయ్యి తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకి, పుల్లీ కింద ఆగి, మళ్ళీ ఈ చివరకి.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ తగల్లేదండీ."

ఇంకోసారి చూడమనలేదు.